నూకరత్నం సూది

మార్గశిర శుద్ధ దశమి నాడు పొద్దున తానేం తిన్నాడో గవరయ్య ఎన్నటికీ మరిచిపోలేడు. పెసరపప్పు పులగం, మీద కాస్త నెయ్యి, పక్కన చింతకాయ పచ్చడి. పులగం వెచ్చగా, మెత్తగా ఉంది. నాలుక చివర మాత్రం సన్నగా ఇనుప రుచి తగిలింది. పరాయి చేతి వంట కదా, అలాగే ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాడు. పొద్దున్నే ఎవరో తనకోసం పొయ్యి వెలిగించారన్న సంతోషంలో ఆ రుచిని మింగేశాడు.

గవరయ్యది వరుణావతీ రాజ్యంలో దిక్సూచులు చేసే ఇల్లు. ఆ ఇంట్లో ఇనుప సామాను ఉండదు. మట్టికుండల్లో వంట, చెక్క తెడ్డుతో వడ్డన. ఆడవాళ్ళ చేతులకు శంఖం గాజులు, తలుపులకు ఇత్తడి మేకులు. సూదులు బెదరకుండా ఉండాలని తాతముత్తాతలు పెట్టిన కట్టుబాటు అది.

ఇంటి నడుమ గదిలో కొబ్బరికాయంత నల్లని సూదంటురాయి ఒకటుంది. దాన్ని తల్లిరాయి అంటారు. ఏటా మార్గశిర దశమి నాడు, ఓడలు బయలుదేరే ముందు, రాజ్యంలోని దిక్సూచులన్నీ ఆ ఇంటికి వస్తాయి. తల్లిరాయికి ఒక కొసన కుంకుమబొట్టు ఉంటుంది. ఆ బొట్టు మీద సూది ఎర్రకొసను మూడుసార్లు రాస్తే, ఏడాదంతా ఆ ఎర్రకొస ఉత్తరాన్నే చూస్తుంది. ఆ రోజు రాయికి తాకని సూదిని మైలసూది అంటారు. దాన్ని ఏ ఓడలోకీ ఎక్కనివ్వరు.

బొట్టు పెట్టవలసింది ఇంటి ఇల్లాలు. తెల్లవారకముందే రాయిని కడిగి, పాత బొట్టున్న చోటే కొత్తది పెట్టాలి. ఆ సమయంలో మగవాడు వాకిట్లో తూర్పు ముఖంగా కూర్చోవాలి, వెనుదిరిగి చూడకూడదు. తర్వాత లోపలికి వెళ్ళి, తల వంచి, బొట్టు మీద చెయ్యి పెట్టి పని మొదలుపెట్టాలి. బొట్టు సరైన కొసన ఉందా లేదా అని సూది పెట్టి చూసుకోవడం ఆ వంశంలో ఎవరూ చెయ్యలేదు. తల్లిరాయిని పరీక్షించడమంటే తల్లిని శంకించడమే.

గవరయ్య భార్య నూకరత్నం పోయి రెండేళ్ళయింది. నిరుడు పొరుగింటావిడ వచ్చి బొట్టు పెట్టింది. ఈ ఏడు ఆవిడ కూతురి పురిటికి వెళ్ళింది. ఎవర్ని పిలవాలో తోచక గవరయ్య కూర్చుని ఉండగా యాత్రకు పోతూ ఒక వృద్ధ ముత్తైదువ గుమ్మంలో నిలబడింది. సంగతి విని, “అయ్యో, ఇంతేనా నాయనా? నేను పెడతాను పద” అన్నది. బొట్టు పెట్టింది, పొయ్యి వెలిగించింది, పులగం వండింది. మధ్యాహ్నానికల్లా తన దారిన తాను పోయింది. గవరయ్య ఆ రోజు మూడు వందల పన్నెండు సూదులు తాకించి, వీధిలో పిల్లలందరికీ బెల్లం పంచాడు.

మర్నాడు ఏకాదశి. వరుణావతీ రేవు చూడడానికి రెండు కళ్ళూ చాలని రోజు అది. పసుపు తెరచాపలు, నీలి తెరచాపలు, తెరచాప కొయ్యలకు చుట్టిన బంతిదండలు, ఒడ్డున దుందుభులు, అలల మీద కుంకుమ పోసినట్టు ఉదయకాంతి. తొలి ఓడ సరంగు దిక్సూచి మూత తీసి చూశాడు. ఎర్రకొస దక్షిణాన్ని చూస్తోంది. రెండో ఓడలోనూ అంతే. మూడోదానిలోనూ అంతే. దుందుభులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే రాజసభ నడుమ నేల చీలి నల్లని పొగ లేచింది. పొగలోంచి మాంత్రికుడు ధూమకంఠుడు బయటికి వచ్చాడు. కుడిచేతిలో మూరెడు ఇనుప మంత్రదండం.

“జయధ్వజ మహారాజా! భూమి కడుపులో ఉన్న ఆకర్షణశక్తిని పట్టుకుని మెలిపెట్టాను. నీ సూదులన్నీ ఇప్పుడు దక్షిణాన నా ధూమగిరి కేసి చూస్తున్నాయి. పున్నమి నాటికి నీ కూతురిని నా కోటకు పంపు. ఆమె నా ఇంట ఉంటే నీ రేవు నా గుప్పిట్లో ఉన్నట్టే. పంపలేదా, సూదుల తర్వాత చుక్కల వంతు!”

రాజు మర్యాదకు తాంబూలం ఇస్తే మాంత్రికుడు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచేతిలోని దండాన్ని క్షణమైనా వదల్లేదు. ఆ అమర్యాదకు సభ నివ్వెరపోయింది. మంత్రులు నేల చూపులు చూస్తుంటే రాకుమారి మౌక్తిక లేచి నిలబడింది.

“నేను వెళ్తాను నాన్నగారూ.”

మౌక్తిక పుట్టిన గంటకే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. పాలిచ్చి పెంచింది నూకరత్నం. అందుకే పంతొమ్మిదేళ్ళు వచ్చినా ఆమెకు నూకరత్నం అమ్మే, గవరయ్య బాబాయే. సభ చివర నిలబడ్డ గవరయ్య ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“దారి తప్పింది నా సూదులు ప్రభూ. అమ్మాయి పడవకు చుక్కాని నన్ను పట్టనివ్వండి.”

ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

ద్వాదశి నాడు బయలుదేరారు. త్రయోదశి పొద్దున సముద్రం మీద మంచు దిగింది. పొంగిన పాలలో ఈదుతున్నట్టుంది. ముందు ధూమకంఠుడి భటుల నల్లపడవ, దాని వెనక ముంజేతి లావు మోకుతో కట్టిన చిన్న పడవ. చిన్న పడవలో గవరయ్య, మౌక్తిక ఇద్దరే. ఇంకెవరూ రాకూడదన్నది మాంత్రికుడి షరతు. పడవ పక్కన, ఆపదలో పనికొస్తుందని కట్టిన రెండు దుంగల తెప్ప ఒకటి అలలకు తల ఊపుతోంది.

నల్లపడవ నాయకుడు వక్రనాసుడికి నోరు ఊరుకోదు. కాసేపటికొకసారి మంచులోంచి అతని గొంతు వినిపిస్తోంది.

“ఏమయ్యా సూదులయ్యా! నీ ముల్లు ఇప్పుడెటు చూస్తోంది? మీ అత్తారింటి కేసా?”

“మీ దొరగారింటి కేసే బాబూ” అన్నాడు గవరయ్య. “పెళ్ళిభోజనానికి పిలుస్తున్నట్టుంది.”

“ఓహో, మాటలొచ్చే! అక్కడికి వచ్చాక నిన్ను మా వంటింట్లో గిన్నెలు తోమడానికి పెట్టిస్తాను!”

“మట్టివైతే తోముతాను. ఇనుపవి నాకు పడవు.”

మౌక్తిక నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆ నవ్వు విన్నాక గవరయ్యకు చుక్కాని కాస్త తేలికైనట్టనిపించింది.

ఆమె ఒళ్ళో ఒక వెదురుపెట్టె ఉంది. నూకరత్నం పోతూ పోతూ ఆమెకిమ్మని చెప్పిన కుట్టుపెట్టె అది. దారాలు, గుడ్డముక్కలు, అడుగున నున్నగా అరగదీసిన కొబ్బరిచిప్ప. చిప్పలో గోరంత జీలుగు బెండు, దానిలో గుచ్చిన చిన్న సూది. పెళ్ళయిన కొత్తలో గవరయ్య సరదాకు చేసి భార్యకు ఇచ్చిన ఆటబొమ్మ లాంటి దిక్సూచి. చిన్నప్పుడు మౌక్తిక అలిగి అన్నం తిననన్నప్పుడల్లా నూకరత్నం ఆ చిప్పలో నీళ్ళు పోసి, బెండును తేలేసి, “చూడు, సూదికి ఎంత బుద్ధో! ఎటు తిప్పినా మళ్ళీ అటే తిరుగుతుంది” అంటూ ముద్దలు తినిపించేది.

మౌక్తిక ఇప్పుడూ చిప్పలో నీళ్ళు పోసి బెండును తేలేసింది. చాలాసేపు చూసింది.

“బాబాయ్, అమ్మ సూది కూడా పాడైపోయింది.”

“ఏమైంది తల్లీ?”

“సూదులన్నీ ధూమగిరి కేసి చూస్తుంటే ఇదొక్కటీ మన ఇంటి కేసి చూస్తోంది.”

గవరయ్య చుక్కానికి తాడు బిగించి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పడవ దిక్సూచిలో ఎర్రకొస ముందుకు, మోకు లాగుతున్న దక్షిణానికి చూస్తోంది. కొబ్బరిచిప్పలోని సూది తల వెనక్కి, ఉత్తరానికి చూస్తోంది. అతను చిప్పను వేలితో తిప్పాడు. సూది ఊగి, తడబడి, మళ్ళీ ఉత్తరానికే వచ్చి నిలబడింది. చిప్పను పడవ కొసకు తీసుకుపోయి చూశాడు. అక్కడా అంతే.

“పాడవలేదమ్మా” అన్నాడు మెల్లిగా. “మూడు వందల పన్నెండు సూదులూ పాడయ్యాయి. బాగున్నది ఇదొక్కటే.”

“అదెలా?”

“పోయినవాళ్ళ సూదిని తల్లిరాయి దగ్గరికి తీసుకుపోకూడదు. అందుకని రెండేళ్ళుగా దీన్ని ఎవరూ రాయికి తాకించలేదు. చూడు తల్లీ, నలభై ఏళ్ళు సూదులతో బతికాను. కొబ్బరికాయంత తల్లిరాయిని జానెడు దూరంలో పెడితే సూది గిర్రున తిరుగుతుంది. మూరెడు దూరంలో కాస్త వణుకుతుంది. రెండు బారల అవతల పెడితే రాయి ఉన్న సంగతే దానికి తెలీదు. దూరమయ్యేకొద్దీ దాని పట్టు అంత తొందరగా సన్నగిల్లిపోతుంది. మరి మన రేవులో ఉన్న సూదినీ ఇక్కడున్న సూదినీ ఒక్కలాగే తిప్పాలంటే ఎంత రాయి కావాలి? కొండంతది కూడా చాలదు. అంత శక్తిని ఒకడు నిజంగా మెలిపెడితే ఈ పడవ మేకులు నిలుస్తాయా? మన వక్రనాసుడి కత్తి ఒరలో ఉంటుందా?”

“మంత్రంతో చేశాడేమో.”

“మంత్రమైనా భూమినే తిప్పితే అన్ని సూదులూ తిరగాలి కదమ్మా. ఒకే పడవలో దీన్ని తిప్పి దాన్ని వదిలేస్తుందా? అమ్మ సూది అంటే ధూమకంఠుడికేమన్నా మొహమాటమా? భూమి శక్తి కాస్త కాస్త జరుగుతుంది. మా తాతగారు తాటాకు మీద రాసి పెట్టారు. ఒక మనిషి పుట్టి పోయేలోగా వెంట్రుకవాసి. అది దాని ఇష్టం, ఎవరి మాటా వినదు. ఒక్క రోజులో తలకిందులవడం మాత్రం జరిగే పని కాదు. తిరిగింది భూమి కాదు తల్లీ. సూదులే.”

“అన్నీ ఒక్కసారే ఎలా తిరుగుతాయి బాబాయ్?”

“ఒక్క చెయ్యే రాసింది కనుక.”

ఆ మాట అన్నాక గవరయ్య తన కుడిచేతిని చూసుకున్నాడు. ముత్తైదువ గుర్తుకొచ్చింది. ఆమె వెళ్ళేదాకా చేతిలోంచి దించని గరిటె గుర్తుకొచ్చింది. నాలుక చివరి ఇనుప రుచి గుర్తుకొచ్చింది. సభలో తాంబూలానికి చాచిన ఎడమచెయ్యి గుర్తుకొచ్చింది. ఏ రూపం ఎత్తినా మంత్రదండం ఆ చేతిలో ఏదో ఒక వస్తువై ఉండి తీరాలి.

“ముత్తైదువ రూపంలో వచ్చి బొట్టు రెండో కొసన పెట్టాడు ఆ ధూమకంఠుడు. ఇన్నేళ్ళ పనివాణ్ణి, ఒక్క సూది పెట్టి చూసుకుంటే తెలిసిపోయేది. తల్లిని శంకించకూడదని తల వంచుకుని, మూడు వందల పన్నెండు సూదుల్నీ నా చేత్తోనే...”

మౌక్తిక ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఇప్పుడు అమ్మ ఉంటే ఏమనేది బాబాయ్?”

గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. “ముందు పడవ సంగతి చూడు, ఏడుపు తర్వాత తీరిగ్గా ఏడవచ్చు అనేది.”

“అయితే పడవ సంగతి చూద్దాం.”

ఊరికే పారిపోతే లాభం లేదు. భయపడిన జనం ఆమెను మళ్ళీ పడవ ఎక్కిస్తారు. పున్నమిలోగా సభ నడుమ తల్లిరాయిని పెట్టి, ఈ సూదిని పక్కన పెట్టి, బొట్టు తప్పు కొసన ఉందని అందరికీ చూపించాలి. రహస్యం బయటపడిందని ధూమకంఠుడికి ముందే తెలిస్తే తల్లిరాయిని పిండి చేసేస్తాడు. కనుక ఆమె పడవలోనే ఉన్నట్టు కనిపించాలి, ఉండకూడదు.

మౌక్తిక తలగడను నిలబెట్టి తన పట్టుశాలువ కప్పింది. ముత్యాల హారం ఒకటి దాని మెడలో వేసింది. తాను గవరయ్య విడి పంచె కట్టి, జడను తలపాగాలో దాచింది. మోకును తెంచితే బరువు తగ్గి భటులకు తెలిసిపోతుంది, అందుకని మోకు జోలికి పోలేదు. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా తెప్ప మీదికి దిగి కట్టు విప్పారు. పడవ మంచులో కలిసిపోతుంటే వక్రనాసుడి గొంతు దూరమవుతూ వినిపించింది.

“రాకుమారీ! మా దొర పైకి పొగలాంటివాడు కానీ మనసు వెన్న! ఏమంటారు?”

తలగడ ఏమీ అనలేదు.

“చూశార్రా, ఎంత సిగ్గో!”

తెప్ప ఉత్తరానికి తిరిగింది. మౌక్తిక ఒళ్ళో కొబ్బరిచిప్ప, గవరయ్య చేతిలో తెడ్డు. ఆమె సూదిని చూసి “కుడికి”, “కొంచెం ఎడమకి” అంటుంటే అతను తోస్తున్నాడు. మంచులోంచి రాకాసి కోరలనే రాళ్ళ గుంపు ఎదురైంది. ఒక్కో రాయి తాటిచెట్టంత ఎత్తు. మొదళ్ళ చుట్టూ నురుగు, కొనల మీద నాచు వెంట్రుకల్లా వేలాడుతోంది. రెండు రాళ్ళ నడుమ సందు తెప్ప వెడల్పుకు బెత్తెడే ఎక్కువ. ఒక అల వాళ్ళను ఎత్తి సందులోకి విసిరింది. తెప్ప అంచు రాతికి గీరుకుని చెక్కలు ఎగిరాయి. రెండో అల అవతలికి నెట్టింది.

అవతల సుడిగుండం ఉంది.

తెప్ప కుమ్మరిసారె మీది ముద్దలా తిరిగింది. కొబ్బరిచిప్ప మౌక్తిక చేతుల్లోంచి జారి సుడిలో మాయమైంది. “సూదో!” అని అరిచాడు గవరయ్య. జవాబు లేదు. అతను తెడ్డును రాతిపగులులో గుచ్చి, పాదాలు దుంగకు తన్నిపెట్టి, ఊపిరంతా బిగబట్టి తోశాడు. ఒక్క ఊపున తెప్ప సుడి అంచు దాటి నిమ్మళమైన నీటిలో పడింది. మౌక్తిక నోరు తెరిచి చూపించింది. సూది ఆమె పళ్ళ మధ్య మెరుస్తోంది, బెండు ఇంకా దానికే ఉంది. గవరయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతలో దక్షిణాన కొమ్ము ఊదిన శబ్దం. తలగడ గుట్టు బయటపడింది.

ఆ వెంటనే మంచు నల్లబడింది. చూరంత రెక్కలతో పొగగద్ద ఒకటి తల మీదికి దిగింది. నిప్పుకణికల కళ్ళు, కాటుక కారుతున్నట్టున్న గోళ్ళు. అది మౌక్తిక తలపాగాను పట్టుకుని పైకి లాగింది. ఆమె పాదాలు దుంగను వదిలాయి. గవరయ్య ఒక చేత్తో ఆమె నడుము పట్టుకుని, రెండో చేత్తో తెప్ప మీద పరిచి ఉన్న తడిచాపను ఎత్తి గద్ద మీదికి విసిరాడు. పొయ్యి మీద నీళ్ళు చిమ్మినట్టు చుయ్యిమంది. రెక్కలు కరిగి మసినీళ్ళై కారాయి. చారెడు పొగ మాత్రం తప్పించుకుని, గాలికి ఎదురుగా ఎటో పోయింది.

“ఎటు పోయింది బాబాయ్?”

“పోనీ తల్లీ. చల్లారిన పొగ.”

అది వాళ్ళకంటే ముందు ఉత్తరానికి పోవడం అతను చూశాడు. ఆమెకు చెప్పలేదు.

సాయంత్రానికి మంచు విడిపోయింది. ఎదురుగా దీపాలకొండ కనిపించింది. ధూమగిరికీ వరుణావతికీ సగం దారిలో, సముద్రం మధ్య ఒంటరి కొండ అది. కింద పగడాల రంగు రాయి, పైన తెల్లని సున్నపు గోపురం, గోపురం తలన అద్దాల గది. ముప్ఫై ఏళ్ళుగా దీపం పెట్టే పోలయ్య గవరయ్యకు నేస్తం. అక్కడినుంచి తెల్లవారేసరికి తెప్ప మీద రేవు చేరవచ్చు. కొండ ఉత్తరపు ఒడ్డున తెప్పను కట్టి ఇద్దరూ మెట్లెక్కారు. సూర్యుడు మునిగాడు కానీ గోపురంలో దీపం వెలగలేదు.

తలుపు తీసింది ఒక ముసలావిడ. మునుపెన్నడూ చూడని ముఖం, వినని గొంతు.

“పోలయ్య అక్కను నాయనా. వాడికి ఒంట్లో నలతగా ఉందని ఒడ్డుకు పోయాడు. మీరెవరు?”

“ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళం అమ్మా. వీడు నా కొడుకు. మంచులో దారి తప్పాం.”

“అయ్యో, తడిసి ముద్దయ్యారే! రండి రండి. వేడివేడిగా తినండి ముందు.”

పొయ్యి గనగనమంటోంది. మౌక్తిక వేళ్ళు నీలంగా మారి ఉన్నాయి. ముసలావిడ ఆమె భుజాల మీద కంబళి కప్పింది, విస్తరి వేసింది. మౌక్తిక నాలుగు ముద్దలు తిని, ముంతలో నీళ్ళు పోసుకుని, తలపాగా అంచులోంచి సూది తీసింది.

“అమ్మను ఒకసారి చూసి పడుకుంటా” అని గొణుగుతూ బెండును నీళ్ళలో వదిలింది. అది కుదురుకునేలోగానే గవరయ్య మోకాలి మీద తలపెట్టి నిద్రపోయింది.

సూది ఉత్తరాన్ని వెతుక్కుంటూ తిరిగింది. అక్కడిదాకా వచ్చి వణికింది. ఆపైన మెల్లగా పొయ్యి వైపు మళ్ళింది.

ముసలావిడ పొయ్యి దగ్గరినుంచి విస్తరి దగ్గరికి వచ్చింది. సూది ఆమెతోపాటు వచ్చింది. ఆమె మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళింది. సూది తల మళ్ళీ అటు తిరిగింది. ఆమె చేతిలో మూరెడు గరిటె ఉంది.

గవరయ్య తన విస్తరి వైపు చూశాడు. పెసరపప్పు పులగం. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చివర ఇనుప రుచి.

గోడవారన నూనెజాడీలు నిండుగా ఉన్నాయి. మూలన పోలయ్య చేతికర్ర ఆనించి ఉంది. ఆ కర్ర లేకుండా పోలయ్య నాలుగడుగులు కూడా వెయ్యలేడు.

గవరయ్య ముద్ద నమిలి మింగాడు. ముంతను మోకాలి చాటుకు జరిపాడు.

“కూర్చో అమ్మా. పొద్దుటినుంచి అలిసిపోయినట్టున్నావు. ఆ గరిటె కాస్త కింద పెట్టు, నేనే వడ్డించుకుంటాను.”

“అలవాటు నాయనా” అంటూ నవ్వింది ముసలావిడ. “ఇది చేతిలో లేకపోతే నాకేం తోచదు.”

“మా ఇంటిదీ అంతే. తెడ్డు వదిలేది కాదు.”

“ఏదీ, ఇప్పుడు ఇంట్లోనే ఉందా?”

“ఉందమ్మా” అన్నాడు గవరయ్య. “మాకు దారి చూపిస్తూనే ఉంది.”

ముసలావిడ కళ్ళు ఒక్క క్షణం నిప్పుల్లా మెరిసి మామూలయ్యాయి. “పిల్లాడికి ఇక్కడే పక్క వేస్తాను. పొయ్యి వెచ్చన తగులుతుంది” అన్నది మెత్తగా.

“వద్దమ్మా, వీడు నిద్రలో కాళ్ళు విసురుతాడు. కుండ తన్నేస్తే నీ పులగం నేలపాలు. లోపల గదిలో పడుకోబెట్టి వస్తాను. నువ్వు నాకు ఇంకాస్త పెట్టి ఉంచు. ఎన్నాళ్ళకో ఇంత రుచిగా తింటున్నాను.”

పొగడ్తకు ముసలావిడ ముఖం వికసించింది. అంతటి మాంత్రికుడికీ వంట బాగుందంటే సంతోషమే. ఎటూ పోలేరులే అన్న ధీమాతో కుండ వైపు తిరిగింది.

గవరయ్య మౌక్తికను పసిపిల్లలా ఎత్తుకుని, ముంతను కంబళి మడతలో దాచి, లోపలి గదిలోకి నడిచాడు. పోలయ్య మంచం, పైన ఒక చిన్న కిటికీ. ఉత్తరపు కిటికీ. దాని కింద ఇరవై మెట్లు, మెట్ల కింద తెప్ప. ఆమెను పడుకోబెట్టి చెవి దగ్గరికి వంగాడు.

“తల్లీ, లే. చప్పుడు చెయ్యకు. బయట ఉన్నది ధూమకంఠుడు.”

ఆమె కళ్ళు తెరిచింది. అరవలేదు. అతను సూదిని నీళ్ళలోంచి తీసి, తడి తుడిచి, ఆమె తలపాగా మడతలో గుచ్చాడు.

“కిటికీలోంచి దిగు. తెప్ప అక్కడే ఉంది. మంచు పోయింది, చుక్కలు వచ్చాయి. ధ్రువనక్షత్రం, అమ్మ సూది రెండూ ఒకే మాట చెప్తాయి, ఆ దారినే పో. పొద్దుపొడిచేసరికి రేవు కనిపిస్తుంది. సభలో ముందు తల్లిరాయిని చూపించు, తర్వాత సూదిని చూపించు. తప్పు గవరయ్యదని చెప్పు, ఫర్వాలేదు.”

“నువ్వు?” అన్నది ఆమె, అతని వేలు పట్టుకుని.

“పులగం సగంలో వదిలి వస్తే బాగుండదు కదమ్మా. పోలయ్య కూడా ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. వాణ్ణి వెతుక్కుని వస్తాం.”

మౌక్తిక అతని కుడిచేతిని కళ్ళకద్దుకుంది. ఆ చేతినే. కిటికీ రెక్క ఇత్తడి బందుల మీద చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఉప్పుగాలి లోపలికి వచ్చి మంచం మీది కంబళిని కాస్త కదిపింది. గవరయ్య ఆ కంబళి కింద తలగడను పొడుగ్గా పెట్టి, మనిషి పడుకున్నట్టు సర్ది, భుజం ఉండవలసిన చోట ఒకసారి తట్టాడు.

“ఏం నాయనా, పడుకున్నాడా?” బయటినుంచి పిలుపు. గరిటె కుండ అంచుకు తగిలి ఖంగుమంది.

“ఇప్పుడే కళ్ళు మూశాడమ్మా. లేపకు, పొద్దున్నే పనుంది వాడికి” అన్నాడు గవరయ్య. గుమ్మం ఇవతలికి వచ్చి, నిద్రపోయే బిడ్డ గదికి ఏ తండ్రైనా చేసినట్టే, మెల్లగా తలుపు మూశాడు.